అడవి మూలికలో గుణం ఎక్కడుంటుంది, అది మందు ఎప్పుడవుతుంది

అడవి మూలికల గురించి జనం అడిగే ప్రశ్నలో మూడు సంగతులు కలిసి ఉంటాయి. ఉష్ణమండల అడవుల్లో జనం తరతరాలుగా వాడుతున్న మూలికలకు నిజంగా జబ్బు తగ్గించే గుణం ఉందా? ఉంటే ఇంట్లో కాచుకుని తాగొచ్చా? లక్ష్మణఫలం ఆకుల కషాయం క్యాన్సర్‌ను తగ్గిస్తుందన్నది నిజమా? మొదటిదానికి జవాబు: ఉంది, అనుమానం అక్కర్లేదు. రెండోదానికి: కొన్నింటినే, కొలతతో, కొద్ది రోజులు. మూడోదానికి: కాదు. ఎందుకో చెప్పకపోతే ఈ జవాబులకు విలువ ఉండదు కాబట్టి ఒక్కొక్కటీ విప్పి రాస్తున్నాను.

ముందు సింకోనా చెట్టు చూడండి. గుణం ఎక్కడుంటుందో, ఎక్కడ తప్పిపోతుందో ఈ ఒక్క చెట్టు చరిత్రలోనే కనిపిస్తుంది. ఇది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల తూర్పు వాలు అడవులది. దాని బెరడు చలిజ్వరం తగ్గిస్తుందని యూరప్‌కు పదిహేడో శతాబ్దంలోనే తెలుసు. కానీ ఒక మూట బెరడు జ్వరం దించేది, ఇంకో మూట ఏమీ చేసేది కాదు. 1820లో పెల్టియే, కావెంటూ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు బెరడులోంచి జ్వరం దించే అసలు పదార్థం క్వినైన్‌ను విడదీశాకే ఆ తేడా కొలవడానికి వీలైంది. సింకోనాల్లో చాలా రకాలున్నాయి. వాటిలో చాలావాటి బెరడులో క్వినైన్ రెండు మూడు శాతం దాటదు. 1865లో చార్లెస్ లెడ్జర్ అనే వ్యాపారి బొలీవియా నుంచి పంపిన విత్తనాలను డచ్చివాళ్లు జావాలో నాటితే, ఆ చెట్ల బెరడులో క్వినైన్ పది శాతం దాటింది. ఆ విత్తనాలు ఏరింది లెడ్జర్ కాదు, మాన్యుయెల్ ఇంక్రా మమానీ అనే బొలీవియా ఆదివాసి. ఏ చెట్టు బెరడు గట్టిదో అడవిలో నిలబడి చెప్పగలిగిన మనిషి ఆయన. మూలిక గురించిన అసలు విద్య ఆ కంటిలోనే ఉంది. పేరు తెలిసినంత మాత్రాన అది రాదు.

ఆ బెరడునే ఇవాళ మలేరియాకు కాచుకు తాగమంటే తప్పు. ఎంత క్వినైన్ దిగిందో తెలియని కషాయంలో మోతాదు తక్కువైతే పరాన్నజీవి చావదు. ఎక్కువైతే చెవుల్లో గుయ్యిమని మోత, తల తిరగడం, వాంతులు, చూపు మసకబారడం మొదలవుతాయి. అదే బెరడులో ఉండే క్వినిడిన్ గుండె లయను మారుస్తుంది. గుండె లయ తప్పినవాళ్లకు దాన్నే మందుగా ఇచ్చేవారంటే దాని బలం ఎంతో ఊహించుకోండి.

జాతి తర్వాత చూడాల్సింది మొక్కలో ఏ భాగం అన్నది. రక్తపోటుకు వాడే సర్పగంధిలో గుణమంతా వేరులో, అందులోనూ ఎక్కువగా వేరు పైబెరడులో ఉంటుంది. పైబెరడు గీకేసి శుభ్రంగా కనిపించే వేరు తెచ్చుకుంటే తెచ్చింది కట్టెపుల్లే. దీని మీద పని భారత ఉపఖండంలోనే మొదలైంది. 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ అజ్మలిన్ అనే ఆల్కలాయిడ్‌ను, అంటే మొక్కలో ఉండే ఘాటైన రసాయనాన్ని, విడదీశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల మీద వేరు పనితీరును ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరులోంచి రక్తపోటు తగ్గించే రెసర్పిన్ బయటపడింది. రెసర్పిన్ రోజు మోతాదు మిల్లీగ్రాములో పదో వంతు నుంచి పావు వంతు. గ్రాము వేరు పొడిలో అన్ని ఆల్కలాయిడ్లూ కలిపి పదిహేను మిల్లీగ్రాములు దాటొచ్చు, అందులో రెసర్పిన్ వాటా ఒక్కో వేరులో ఒక్కోలా ఉంటుంది. చెంచాతో కొలిచే మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

దీనితో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. రెసర్పిన్ నెమ్మదిగా పనిచేస్తుంది, పూర్తి ఫలితం కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి, బీపీ తగ్గలేదని మోతాదు రెట్టింపు చేస్తారు. మూడో వారానికి మొదటి మోతాదూ, పెంచిన మోతాదూ కలిసి పనిచేస్తాయి. ముక్కు దిబ్బడ, నాడి నెమ్మదించడం, లేవగానే కళ్లు తిరగడం, అన్నిటికంటే ముఖ్యంగా మనసు కుంగిపోవడం వస్తాయి. ఆ కుంగుబాటు మందువల్లే అని ఇంట్లోవాళ్లకు తట్టదు. ఆపేశాక కూడా ప్రభావం కొన్నాళ్లు ఉంటుంది. ఇక సరుకు విషయానికొస్తే, సర్పగంధి పేరుతో దాని దగ్గరి చుట్టమైన మరో రౌవుల్ఫియా వేరు కలుస్తుంటుంది. మొక్క నిలబడి ఉంటే చెప్పడం తేలిక: సర్పగంధికి ఒక్కో కణుపు దగ్గర చుట్టూ మూడేసి ఆకులు, ఆ రెండోదానికి నాలుగేసి. ఎండిపోయి పొడి అయ్యాక కంటితో చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే సర్పగంధిని ఇంటి వైద్యంగా నేను ఎవరికీ చెప్పను.

జాతి, భాగం సరిగ్గా ఉన్నా, శరీరంలోకి ఏ దారిన వెళ్తుందన్నదాన్ని బట్టి మొత్తం మారిపోతుంది. అమెజాన్ వేటగాళ్లు బాణం మొనకు పూసే క్యురారే రక్తంలో కలిస్తే కండరాలు సడలి, ఊపిరి ఆడక జంతువు చస్తుంది. ఆ మాంసం తిన్నవాళ్లకు మాత్రం ఏమీ కాదు, ఎందుకంటే పేగుల నుంచి ఆ విషం రక్తంలోకి దాదాపు ఎక్కదు. 1935లో హెరాల్డ్ కింగ్ అందులోంచి కండరాలు సడలించే పదార్థం ట్యూబోక్యురారిన్‌ను వేరుచేశారు. 1942లో మాంట్రియల్‌లో గ్రిఫిత్, జాన్సన్ అనే వైద్యులు శస్త్రచికిత్సలో మత్తుతోపాటు కండరాలు సడలించడానికి క్యురారేను వాడారు. అడవిలో చంపే మందే, కొలిచి ఇచ్చి, ఊపిరి యంత్రంతో అందిస్తే ఆపరేషన్ బల్ల మీద ప్రాణం నిలిపింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ పశ్చిమ అమెజాన్‌లోని క్రోటన్ లెచ్లెరి చెట్టు. బెరడు మీద గాటు పెడితే నెత్తురులా ఎర్రటి పాలు కారతాయి. చుక్క చర్మం మీద వేసి వేలితో రుద్దితే ఎరుపు పోయి తెల్లటి నురగలా, ఆ పైన మీగడలాంటి పూతలా మారుతుంది. రంగు కలిపిన నకిలీ అలా మారదు. ఆదివాసులు దాన్ని పుండ్ల మీద పూస్తారు, విరేచనాలకు తాగుతారు. రెండో వాడుక నుంచి తీసిన క్రొఫెలెమర్ అనే మందుకు 2012 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. హెచ్ఐవీ మందులు వాడేవాళ్లకు వచ్చే, సూక్ష్మజీవుల వల్ల కాని విరేచనాలకు రోజుకు రెండుసార్లు 125 మిల్లీగ్రాములు ఇస్తారు. పేగు గోడలోంచి క్లోరైడ్, దాని వెంట నీరు పేగులోకి కారే ద్వారాలను అది మూస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఏమిటంటే, అది రక్తంలోకి దాదాపు వెళ్లదు. పని ఉన్న చోటే ఉండి పని చేస్తుంది. అందుకే దానితో పేచీలు తక్కువ.

ఇచ్చే రూపం కుదరక మంచి మూలిక మూలపడ్డ సందర్భం కూడా ఉంది. చాల్‌మూగ్రా గింజల నూనెను ఆసియా అడవుల నుంచి తెచ్చి కుష్ఠుకు వాడేవారు. తాగితే కడుపులో ఇమిడేది కాదు, వాంతి అయ్యేది. సూదితో ఎక్కిస్తే చిక్కటి నూనె చర్మం కింద గడ్డలు కట్టేది. ఆలిస్ బాల్ అనే యువ శాస్త్రవేత్త హవాయిలో ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలను ఇథైల్ ఎస్టర్లుగా మార్చి, శరీరం పీల్చుకోగల మందు తయారు చేశారు. 1916లో 24 ఏళ్లకే ఆమె చనిపోయారు, ఆ ఘనత చాలాకాలం ఆమె పేరున రాలేదు. 1940ల్లో సల్ఫోన్ మందులు వచ్చేదాకా కుష్ఠురోగులకు చేతికందిన మెరుగైన మందు అదే.

ఇంతవరకూ గుణం ఉన్నవాటి మాట. జనం నమ్మిన గుణం ఒకటి, దొరికిన గుణం మరొకటి అయిన మొక్క బిళ్లగన్నేరు. మడగాస్కర్ ద్వీపానిది, ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది. మధుమేహానికి వాడతారని 1950ల్లో కెనడా శాస్త్రవేత్తలు నోబుల్, బీర్ పరీక్షించారు. ఎలుకల్లో చక్కెర పెద్దగా తగ్గలేదు, తెల్ల రక్తకణాలు మాత్రం పడిపోయాయి. ఆ ఆధారంతో విన్‌బ్లాస్టిన్, ఆ తర్వాత విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. పిల్లల్లో రక్త క్యాన్సర్ చికిత్సకు విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ ముఖ్యమైన మందు. అయితే ఒక్క గ్రాము మందు కోసం ఎండుటాకు వందల కిలోలు కావాలి, పెద్దవాళ్లకు ఒక విడతకు ఇచ్చేది సాధారణంగా రెండు మిల్లీగ్రాములు మించదు. కాబట్టి షుగర్‌కని రోజూ నాలుగాకులు నమిలేవాళ్లకు క్యాన్సర్ మందు మోతాదు అందదు, షుగర్‌కు నమ్మదగిన ఫలితమూ ఉండదు. కణాలను దెబ్బతీసే ఆల్కలాయిడ్లు మాత్రం కొద్దికొద్దిగా లోపలికి వెళ్తుంటాయి. గర్భిణులు దాని జోలికే పోకూడదు.

లక్ష్మణఫలం గురించి ఇక్కడే చెప్పాలి. అది మధ్య, దక్షిణ అమెరికాల వేడి ప్రాంతాల చెట్టు. ఆకుల్లో, గింజల్లో ఎసిటోజెనిన్లు అనే పదార్థాలున్నాయి. గాజు పాత్రలో పెంచిన క్యాన్సర్ కణాల మీద పోస్తే అవి చస్తాయి, అది నిజమే. కీమోథెరపీ కంటే పదివేల రెట్లు బలమైనదన్న ప్రచారం అక్కడి నుంచే పుట్టింది. గాజు పాత్రలో కణాన్ని చంపడం కష్టమేమీ కాదు, ఉప్పునీరు గాఢంగా పోసినా చస్తుంది. తాగిన కషాయం పేగు దాటి, కాలేయం దాటి, కణితి దగ్గరికి సరిపడా చేరి, మంచి కణాలను వదిలి చెడ్డవాటినే చంపాలి. మనుషుల్లో అలా జరిగిందని చూపిన సరైన పరీక్ష లేదు. ఎసిటోజెనిన్లు కణాలకు శక్తి తయారయ్యే చోటును అడ్డుకుంటాయి, శక్తి ఎక్కువ ఖర్చు చేసే మెదడు కణాలకు అది ప్రమాదం. గ్వాడెలూప్ దీవిలో మామూలు మందులకు లొంగని పార్కిన్సన్ తరహా జబ్బు ఎక్కువగా కనబడటానికి, ఈ పండు, ఆకుల టీ ఏళ్ల తరబడి తీసుకోవడానికి సంబంధం ఉందని 1999లో వైద్యులు ప్రచురించారు. అప్పుడప్పుడు పండు తినడం వేరు, రోజూ ఆకుల కషాయం తాగడం వేరు. క్యాన్సర్ చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు ఆ చికిత్స ఆపి దీని మీద ఆధారపడితే పోయేది కాలం. ఆ కాలం తిరిగి రాదు.

"తాతల నాటి నుంచి వాడుతున్నారు, హాని ఉంటే తెలిసేది కదా" అనే మాటకు సగం బలమే ఉంది. తిన్న గంటలో వాంతి తెచ్చేదాన్ని అనుభవం పసిగడుతుంది. ముష్టి గింజ విషమని తెలుసు కాబట్టే సంప్రదాయ వైద్యులు దాన్ని శుద్ధి చేయకుండా వాడరు. పదేళ్ల తర్వాత కిడ్నీని తినేసేదాన్ని మాత్రం అనుభవం పట్టుకోలేదు. ఈశ్వరి వేరు కుటుంబం, అంటే అరిస్టలోకియా మొక్కలు, పాముకాటుకు, ప్రసవానికి ఎన్నో దేశాల్లో వాడుకలో ఉన్నాయి. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి వేసుకున్న మూలికా మాత్రల వల్ల వందమందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. స్టెఫానియా అనే మొక్క వేయాల్సిన చోట, చైనా భాషలో పేరు దాదాపు ఒకేలా ఉన్న అరిస్టలోకియా పడింది. వాళ్లలో చాలామందికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. దానిలోని అరిస్టలోకిక్ ఆమ్లం క్యాన్సర్ కారకమని ఇప్పుడు ఖాయంగా తేలింది. కాబట్టి ఈశ్వరి వేరు ఏ రూపంలోనూ లోపలికి తీసుకోవద్దు. పాముకాటుకైతే అసలే వద్దు, ఆ సమయం విషం విరుగుడు సూదికి కావాలి.

ఇంకో రెండు అపోహలు తొందరగా చెప్పి ముందుకెళ్తాను. "మందుల్లో పావు వంతు వర్షారణ్యాల నుంచే" అనే లెక్క తప్పుగా తిరుగుతోంది. అమెరికాలో 1959 తర్వాతి దశాబ్దాల మందుచీటీల్లో నాలుగో వంతులో మొక్కల నుంచి వచ్చిన పదార్థం ఉందన్నది అసలు లెక్క. అన్ని రకాల మొక్కలూ అందులోకి వస్తాయి. అలాగే అడవి పెండలం పూత రాస్తే శరీరంలో ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్ తయారవుతుందంటారు. మెక్సికోలోని ఆ రకం అడవి దుంపల్లో ఉండే డయోస్‌జెనిన్ అనే పదార్థం నుంచి 1940ల్లో రసెల్ మార్కర్ ఆ హార్మోన్ తీసింది ప్రయోగశాలలో, వరస రసాయన చర్యలతో. ఆ చర్యలు చేయగల ఎంజైములు మనిషి ఒంట్లో లేవు.

మరి ఇంట్లో ఏం వాడొచ్చు, ఎలా? ఒక్కదాన్ని తీసుకుని చివరిదాకా చెప్తాను: తిప్పతీగ. జ్వరం తగ్గాక మిగిలే నీరసానికి, మందగించిన ఆకలికి దాని కాండాన్ని వాడతారు.

ముందు గుర్తుపట్టడం. ఆకు హృదయాకారంలో, రెండు వైపులా నున్నగా ఉండాలి. ఆకు అడుగున మెత్తటి నూగు తగిలితే అది మరో జాతి. ముదురు కాండం మీద గోరుతో గీకితే పలచటి కాగితంలాంటి పొర లేచి కింద ఆకుపచ్చ బయటపడుతుంది. అడ్డంగా కోస్తే బండి చక్రం ఆకుల్లా నడుమ నుంచి అంచుకు గీతలు కనిపిస్తాయి, వేళ్లకు జిగురు అంటుతుంది. కాండం నిండా మొద్దు బొడిపెలు దగ్గరదగ్గరగా ఉంటే ముట్టుకోకండి. అది తిప్పతీగకు దగ్గరి చుట్టమైన టినోస్పోరా క్రిస్పా, కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు దాని మీద ఉన్నాయి.

చిటికెనవేలి లావున్న పచ్చి కాండం జానెడు ముక్క దాదాపు 20 గ్రాములు తూగుతుంది, అయినా తూచండి. పై పొర గీకేసి, అంగుళం ముక్కలు కోసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా నూరితే జిగురు కషాయం నిండా చేరి వడకట్టడం కష్టమవుతుంది. మెత్తటి సరుకుకు నాలుగు రెట్లు, మధ్యరకానికి ఎనిమిది, ఎండిన గట్టి వేళ్లకు, బెరళ్లకు పదహారు రెట్లు నీళ్లు పోసి నాలుగో వంతుకు దించాలన్నది ఆయుర్వేదం లెక్క. పచ్చి తిప్పతీగ మధ్యరకం. 160 మిల్లీలీటర్లు పోసి 40కి దించాలి.

ఆ నాలుగో వంతు దగ్గరే చాలామంది తప్పుతారు. ఖాళీ స్టీలు గిన్నెలో ముందు 40 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, నిలువుగా ఒక శుభ్రమైన పుల్ల ముంచి తడి గుర్తు దగ్గర గాటు పెట్టండి. ఆ తర్వాత మిగతా 120 పోసి, దంచిన కాండం వేసి, మూత లేకుండా సన్నటి సెగ మీద ఉంచండి. దించే ముందు గిన్నెను పక్కకు వంచి, ముక్కలు జరిపి పుల్లతో చూసుకోండి. పెద్ద మంట మీద పెడితే సారం దిగకముందే నీళ్లు ఆవిరైపోతాయి, రంగు చూసి చిక్కబడింది అనుకుంటారు. ఇనుప, అల్యూమినియం గిన్నెలు వద్దు. కరక్కాయలాంటి వగరు సరుకు ఇనుముతో కలిస్తే నల్లబడి గుణం పోతుంది. సువాసన ఉన్న ఆకులనైతే ఇలా మరిగించకూడదు. వేడినీళ్లు పోసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచితే చాలు, మరిగిస్తే ఆ నూనె గాలిలో కలుస్తుంది.

రంగులాగే చేదు కూడా మోసం చేస్తుంది. నేలవేము అనే మూలికలోని ముఖ్యమైన చేదు పదార్థం నీటిలో సరిగా కరగదు. కషాయం నాలుక మీద ఎంత చేదుగా ఉన్నా మందు అంతే బలంగా దిగిందని అనుకోకండి.

తిప్పతీగ కషాయం రోజుకు ఒక్కసారి, ఏ రోజుది ఆ రోజు కాచుకుని. మిగిలితే పారబోయండి, మర్నాడు వేడిచేసి తాగొద్దు. రెండు వారాలు దాటొద్దు. రోగనిరోధక శక్తి కోసమని నెలల తరబడి తాగినవాళ్లలో కాలేయం వాచిన కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు, ఆ మొక్క ఏ జాతిదన్న వాదన కూడా నడిచింది. వాదన ఎటు తేలినా జాగ్రత్త మారదు. థైరాయిడ్ వాపు, కీళ్లవాతం, ల్యూపస్ లాంటి, సొంత ఒంటినే దాడి చేసే జబ్బులు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ జబ్బున్నవాళ్లు దీన్ని వదిలేయాలి. షుగర్ మందులు వాడేవాళ్లలో చక్కెర మరీ పడిపోవచ్చు. వార్ఫరిన్‌లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఏ మూలికా మొదలుపెట్టొద్దు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపాలి.

సొంతంగా సేకరించేవాళ్లకు ఒక మాట. ఆకు కోసుకుంటే మొక్క మళ్లీ చిగురిస్తుంది, వేరు పెకిలిస్తే మొక్కే పోతుంది. బెరడు చుట్టూతా ఒలిస్తే ఆకుల నుంచి వేళ్లకు ఆహారం ఆగి చెట్టు నిలువునా ఎండుతుంది. ఆఫ్రికా కొండ అడవుల్లో ప్రోస్టేట్ మందు కోసం ప్రూనస్ ఆఫ్రికానా చెట్లను అలాగే పోగొట్టుకున్నారు, చివరికి 1995లో దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ పెట్టాల్సి వచ్చింది. కాండం చుట్టుకొలతను నాలుగు భాగాలనుకుని ఎదురెదురుగా ఉన్న రెండు పావులే ఒలవాలి. కత్తి కొయ్యకు తగలకూడదు. ఒలిచిన చోట కొత్త బెరడు కప్పుకునేదాకా, అంటే కొన్నేళ్లపాటు, మిగతా రెండింటిని ముట్టుకోకూడదు.

ఏ మూలిక వాడుతున్నా మూత్రం ముదురు పసుపుకు తిరగడం, కళ్లలో పచ్చదనం, ఒళ్లంతా దురద, అన్నం చూస్తే వికారం వీటిలో ఏది కనిపించినా ఆ పూటే ఆపేయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పేరు చెప్పి ఊరుకోకుండా మిగిలిన కాండం ముక్కను, ఆకుతో సహా, కాగితంలో చుట్టి పట్టుకెళ్లండి. పొడి అయితే డబ్బాతో సహా. ఒకే పేరుతో మూడు మొక్కలు తిరుగుతుంటాయి కాబట్టి, మీరు తాగింది ఏదో ఆ ముక్కే చెప్పగలదు.